పక్క నుంచి కొట్టే గాలి

మోటారుసైకిలు మీద దూరం పోయి దిగినవాడికి మెడ పట్టేసి, చెవులు హోరెత్తి, కళ్ళు మండుతుంటే ఆ నేరాన్నంతా గాలి బలం మీదకు నెట్టేయడం మామూలే. లెక్క వేసి చూస్తే ఆ ఆరోపణ పూర్తిగా నిలబడదు. గాలి ప్రతిఘటన వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నిటారుగా కూర్చున్న మనిషితో కలిపి ఒక మామూలు బండి మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పడే నెట్టుడు సుమారు మూడున్నర కిలోల బరువుకు సమానం. 60 దగ్గర అది ఎనిమిది కిలోలు, 80 దగ్గర పద్నాలుగు. ఇందులో కొంత వాటా మాత్రమే మనిషి ఒంటి మీద పడుతుంది, మిగతాది బండి మీద. అయిదారు కిలోల నిలకడైన నెట్టుడును నడుం, భుజాలు చాలాసేపు ఓర్చుకుంటాయి. ఒళ్ళు కాస్త ముందుకు వంచితే ఆ సంగతే మరిచిపోతాం. ఓర్చుకోలేనిది ఆ బలం సెకనుకు పదిసార్లు పెరిగి తరగడం, ఉన్నట్టుండి ఎడమ నుంచి కుడికి మారడం. ప్రతి మార్పుకూ మెడ కండరాలు బిగుసుకుని వదలాలి. కాబట్టి బండి నడిపేవాడు వేసుకోవలసిన ప్రశ్న గాలిని ఎలా ఆపాలన్నది కాదు, తన దాకా వచ్చే గాలిని నిలకడగా ఎలా రప్పించుకోవాలన్నది. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేననుకున్నందువల్లే చాలామంది డబ్బు పెట్టి బండి ముందు గాలికి అడ్డంగా పెద్ద అద్దం బిగించుకుని, అంతకుముందు లేని బాధ తెచ్చుకుంటున్నారు.

ఈ వాదానికి కొల్లేరు కంటే మంచి ప్రయోగశాల మన దగ్గర దొరకడం కష్టం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మిగిలిపోయిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసే నీళ్ళు అక్కడ ఆగి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. అయిదో కాంటూరు (సమాన ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు తెంచారు. పక్షుల గురించీ చేపల గురించీ ఎన్నో పుస్తకాలకు సరిపడా రాశారు గాని, ఆ పల్లం మీద గాలి ఎలా నడుస్తుందన్నది బండి నడిపేవాడికి అంతకంటే దగ్గరి విషయం. నేల మీద పోయే గాలిని చెట్లు, ఇళ్ళు, పైర్లు రాసుకుని నెమ్మదింపజేస్తాయి. నీటి ఉపరితలం వాటితో పోలిస్తే చాలా నునుపు. మైళ్ళ కొద్దీ సరస్సు మీదుగా, చెరువుల మీదుగా వచ్చిన గాలికి పట్టుకునే చెయ్యి దొరకదు కాబట్టి మనిషి ఎత్తులో కూడా అది దాదాపు పూర్తి వేగంతోనే ఉంటుంది. రోడ్డేమో చుట్టుపక్కల పల్లం కంటే ఎత్తైన కట్ట మీద ఉంటుంది. కట్ట ఎక్కేటప్పుడు గాలి ఇంకాస్త వేగం పుంజుకుంటుంది.

ఇక పటం తీసి దిక్కులు చూడాలి. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు స్థూలంగా ఆగ్నేయ దిశకు పోతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో వీచే పడమటి గాలి ఆ రోడ్డును దాదాపు అడ్డంగా కోస్తుంది. చలికాలపు ఈశాన్య గాలి కూడా అంతే, కాకపోతే రెండో పక్క నుంచి. ఏడాదిలో రెండు పెద్ద గాలులూ అడ్డంగా కొట్టే రోడ్డు అది. వేసవి మధ్యాహ్నాల తరవాత సముద్రం మీది నుంచి వచ్చే పైరగాలి మాత్రం కైకలూరు వైపు పోయేవాడికి ఎదురవుతుంది. ఏలూరు నుంచి గుండుగొలను, భీమడోలు మీదుగా తాడేపల్లిగూడెం పోయే పాత అయిదో నంబరు జాతీయ రహదారి దీనికి తిరగబడిన కథ: అది తూర్పు వైపు పోతుంది గనుక పడమటి గాలి వీపు తడుతుంది, పైరగాలి పక్క నుంచి కొడుతుంది. ఇరవై ముప్ఫై కిలోమీటర్ల తేడాలో ఉన్న రెండు రోడ్లకు ఒకే గాలి రెండు రకాల పరీక్ష పెడుతోందన్నమాట.

పక్క నుంచి వచ్చే గాలిలో ఒక మెలిక ఉంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి అడ్డంగా వీస్తోందనుకుందాం. బండి 60లో పోతుంటే నడిపేవాడికి తగిలే గాలి ఈ రెండూ కలిసిన 67 కిలోమీటర్ల గాలి, అది ముందు నుంచి కాక సుమారు 27 డిగ్రీల వాలులో వస్తుంది. పక్కకు నెట్టే బలం అడ్డగాలి ఒక్కదాన్నే బట్టి ఉండదు, ఈ కలిసిన వేగాన్ని కూడా బట్టి పెరుగుతుంది. అంటే బయట గాలి ఏమీ మారకపోయినా, మనం వేగం పెంచిన కొద్దీ పక్కనెట్టుడు పెరుగుతుంది. 80 నుంచి 50కి తగ్గితే అది దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. నెమ్మదిగా పోతే బండి ఇంకా ఊగుతుందని కొందరంటారు. ఇరవై లోపు వేగానికైతే ఆ మాట నిజమే, 50కి కాదు.

అడ్డగాలి నిలకడగా వీస్తే నడిపేవాడు తెలియకుండానే గాలి వచ్చే వైపుకు బండిని కాస్త వాల్చి పోతాడు. ప్రమాదం ఆ గాలి ఒక్కసారిగా తెగినప్పుడు. జూలైలో ఏలూరు నుంచి కైకలూరు వైపు పోతున్న బండికి గాలి కుడి నుంచి వస్తుంది, కాబట్టి అది కుడికి వాలి ఉంటుంది. ఎదురుగా చేపల లారీ వస్తుంది. ముందుగా లారీ మొహం తోసుకొచ్చే గాలి బండిని ఎడమకు నెడుతుంది. మరుక్షణం లారీ పక్కన ఏర్పడే అల్పపీడనం కుడికి లాగుతుంది. అదే సమయంలో లారీ గోడలా నిలిచి పడమటి గాలిని కోసేస్తుంది. మోసే గాలి లేక వాలిన బండి ఆ లారీ వైపుకే జరుగుతుంది. లారీ దాటగానే దాని వెనక సుడులు, వాటితోపాటు తిరిగొచ్చిన పడమటి గాలి. ఒకటి రెండు సెకన్లలో నాలుగు దెబ్బలు, నాలుగూ నాలుగు తీరులు. తిరుగు ప్రయాణంలో గాలి ఎడమ నుంచి వస్తుంది గనుక లారీ దాన్ని కోయదు. ఎడమ వైపున్న ఇళ్ళ వరసో, గట్టు మీది కొబ్బరిచెట్లో కోస్తాయి, అప్పుడు బండి జరిగేది రోడ్డు అంచుకు. చలికాలంలో ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది. ఎవరూ బోర్డు మీద రాసి పెట్టని ఈ లెక్క, ఎప్పుడు ఏ పక్కకు ఖాళీ వదులుకుని పోవాలో చెబుతుంది.

తల దగ్గరి సుడుల సంగతి వేరు, అవి మనం వెంటపెట్టుకు తిరిగేవి. వరద రోజుల్లో కొల్లేరు దగ్గరి పెద్దయెడ్లగాడి వంతెన కానాల దగ్గర నీళ్ళు చూస్తే విషయం కళ్ళకు కడుతుంది: స్తంభానికి ముందు ప్రవాహం నున్నగా విడిపోతుంది, వెనక మాత్రం ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి సుడులు ఊడి కొట్టుకుపోతుంటాయి. ఈ వంతులవారీ సుడుల వరసకు 1911, 1912 సంవత్సరాల్లో థియడోర్ ఫాన్ కార్మన్ గణితం కట్టాడు. అవి ఎంత తరచుగా ఊడతాయో చెప్పే నిష్పత్తిని అంతకుముందే, 1878లో, చెక్ శాస్త్రవేత్త స్ట్రౌహాల్ కనిపెట్టాడు: వేగాన్ని అడ్డున్న వస్తువు వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకెలో సుమారు అయిదో వంతు. పావు మీటరు వెడల్పున్న హెల్మెట్‌కు 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పదమూడు సార్లు అవుతుంది. హెల్మెట్ గుండ్రంగా ఉంటుంది గనుక సుడులు స్తంభం వెనక ఊడినంత శుభ్రంగా ఊడవు, అంకెను అటూ ఇటూగా తీసుకోవాలి. అయినా చూపు అదరడానికీ, మెడ అలసిపోవడానికీ ఆ అదురు చాలు. ముందు నలభై సెంటీమీటర్ల అద్దం ఉంటే దాని అంచుల సుడులు సెకనుకు ఎనిమిది చొప్పున, ఇంకా పెద్దవిగా, నేరుగా తలకు వచ్చి తగులుతాయి.

సుడులన్నీ చెడ్డవే అనుకుంటే మాత్రం భౌతికశాస్త్రం ఒప్పుకోదు. వస్తువును అంటిపెట్టుకుని పోయే పలుచటి గాలి పొర ఒకటుందనీ, కథంతా అక్కడే నడుస్తుందనీ 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ చెప్పాడు. పదేళ్ళ తరవాత ఒక నున్నటి గోళానికి సన్నటి తీగ చుట్టి గాలిలో పెట్టి చూపించాడు: తీగ ఆ పొరను కల్లోలపరచగానే గోళం వెనకటి పెద్ద సుడుల మేట కుంచించుకుపోయింది, ప్రతిఘటన పడిపోయింది. చిన్న అలజడి పెద్ద అలజడిని మింగేసింది. క్రికెట్ బంతి కుట్టు బంతిని పక్కకు తిప్పేది ఈ కిటుకుతోనే. కొన్ని హెల్మెట్ల వెనక కనిపించే చిన్న గట్లకూ ఇదే ఆధారం, కేవలం సోకు కాదు. శ్రీహరికోట కేంద్రానికి పేరైన సతీశ్ ధవన్ రాకెట్ల మనిషి కావడానికి ముందు ఈ పలుచటి పొర మనిషే. కాల్‌టెక్‌లో ఆయన డాక్టరేట్ పని ఆ పొర రాపిడిని నేరుగా కొలవడం. బెంగళూరులో ఆయన శిష్యుడు రొద్దం నరసింహ 1957లో, నున్నటి ప్రవాహం ఒక్క గీత దగ్గర సంక్షుబ్ధంగా మారిపోదనీ, మచ్చలు మచ్చలుగా, ఉండి లేకుండా మారుతుందనీ చూపే సూత్రం ఇచ్చాడు. అద్దాలు అమ్మేవాళ్ళు వాటి వెనక గాలి పూర్తిగా నిశ్చలమని చెప్పే మాటల్ని ఈ చరిత్ర తెలిసినవాడు అంత తేలిగ్గా నమ్మడు.

అద్దం వెనక జరిగేదేమిటంటే, ముందు నుంచి కొట్టిన గాలి పై అంచు దగ్గర విడిపోయి పైకి లేస్తుంది. అద్దానికీ మనిషికీ మధ్య అల్పపీడనపు గూడు ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపడానికి పైనుంచి, పక్కల నుంచి, చివరికి వీపు వెనక నుంచి కూడా గాలి లోపలికి దూకుతుంది. వేగంగా పోయే గాలికీ నిలిచిపోయిన గాలికీ మధ్య ఉన్న సరిహద్దు పొరలోనే సుడులు పుడతాయి. తల ఆ పొరకు పైన ఉంటే శుభ్రమైన గాలి తగులుతుంది. కింద ఉంటే నెమ్మదైన గాలి. సరిగ్గా ఆ పొరలోనే ఉంటే నరకం. మన బజారులో దొరికే మధ్యరకం అద్దాలు, సగటు ఎత్తున్న మనిషి తలను సరిగ్గా అక్కడే పెడుతుంటాయి. ఒకే అద్దం పొట్టివాడికి హాయిగా, పొడుగువాడికి భరించలేనిదిగా ఉండడానికి కారణం ఇదే, అద్దం కంపెనీ కాదు. పరీక్ష సులువు. బండి మీద కాస్త నిక్కి కూర్చుంటే హోరు తగ్గిందా, అద్దం ఎత్తు తగ్గించాలి. వంగితే తగ్గిందా, పెంచాలి, లేదా తీసేయాలి.

రెండో మందు, అద్దం కింద ఖాళీ వదలడం. ఇది వినడానికి విడ్డూరంగా ఉన్నా తీరం పొడుగునా సరుగుడు తోటలు దీనికి సాక్ష్యం. 1977 దివిసీమ ఉప్పెన తరవాత తీరానికి రక్షణగా సరుగుడు పెంపకానికి ఊపు వచ్చింది. గాలి అడ్డుగోడల మీద దేశదేశాల్లో జరిగిన కొలతలన్నీ ఒకే మాట చెబుతాయి: సందు లేని గోడ వెనక గాలి కొద్ది దూరమే ఆగుతుంది, ఆ వెంటనే సుడులు తిరిగి కిందకు విరుచుకుపడుతుంది. సగానికి అటూ ఇటూ సందులున్న చెట్ల వరస మాత్రం కొంత గాలిని తనలో నుంచి పోనిస్తుంది. ఆ కొంత గాలి వెనకటి అల్పపీడనాన్ని నింపుతుంది. అందువల్ల చెట్ల ఎత్తుకు పది పదిహేను రెట్ల దూరం దాకా గాలి నెమ్మదిగా, సుడులు తక్కువగా ఉంటుంది. అద్దానికీ హెడ్‌లైటుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు వదిలినా పని చేసేది ఇదే సూత్రం. ఛాతీకి కాస్త గాలి తగులుతుంది, తల దగ్గర మోత తగ్గుతుంది. ఆ సందుకు రబ్బరు కుక్కి మూసేవాళ్ళు రోగాన్ని బయటకు పోనివ్వకుండా తలుపేసుకుంటున్నారు.

అసలు బండినంతా కప్పేస్తే పోలేదా అని రేసు బండ్ల వాళ్ళు 1950లలోనే అడిగారు. మోటో గుజ్జీ కంపెనీ 1950లో ఇటలీలో తన ఫ్యాక్టరీలోనే గాలి సొరంగం కట్టుకుంది. ముందు చక్రం దాకా మూసేసే పెద్ద తొడుగులు వచ్చాయి, వేగాలు పెరిగాయి. అడ్డగాలి వచ్చినప్పుడు మాత్రం ఆ తొడుగు తెరచాపలా పట్టి బండిని పక్కకు విసిరేసేది. 1957 సీజన్ ముగిశాక అంతర్జాతీయ మోటారుసైకిల్ సమాఖ్య వాటిని నిషేధించింది. ఆ నిషేధంలో కొల్లేరు రోడ్డుకు పాఠం ఉంది. ఎదురుగాలిని తగ్గించే ప్రతి చదరపు అడుగూ పక్కగాలికి పట్టు ఇస్తుంది. ఆ తొడుగును ఎక్కడ బిగించామన్నది ఇంకా ముఖ్యం. 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ తొడుగును పినిన్‌ఫరీనా గాలి సొరంగంలో తీర్చిదిద్ది ఫ్రేముకు బిగించారు, కాబట్టి గాలి దెబ్బ బండి ఒంటి మీద పడింది. మన దగ్గర బుల్లెట్లకూ స్కూటర్లకూ అమ్మే పొడుగు అద్దాలను చాలావరకు హ్యాండిల్‌కే బిగిస్తారు. దాంతో ప్రతి గాలి దెబ్బా నేరుగా ముందు చక్రాన్ని తిప్పుతుంది. నీళ్ళ మధ్య కట్ట మీద, లారీలు ఎదురొచ్చే రెండు వరసల రోడ్డులో అది సౌకర్యం కాదు. చిన్నది సరిపోతుంది, అసలు లేకపోయినా నష్టం లేదు.

మన బండ్లు పోయేదే యాభై అరవైలో, ఈ శాస్త్రమంతా విదేశీ రహదారులకు గాని మనకెందుకు అని అడగవచ్చు. తగిలేది మన వేగం ఒక్కటే కాదన్నది పైన లెక్కలో తేలింది. ఎదురొచ్చే లారీ వేగం, అడ్డగాలి వేగం దానికి తోడవుతాయి. వేసవిలో గాలి తగలకపోతే చస్తామన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం, దానికి ఎదురు చెప్పనక్కరలేదు. ఉక్కపోతలో చెమట ఆరడానికి గాలి ఆడాల్సిందే, అందుకే ఈ వాదం గాలిని ఆపమనడం లేదు. సాయంత్రం నీటి మీది నుంచి లేచే పురుగుల గుంపులకు అద్దం అడ్డు కదా అంటే, హెల్మెట్ ముందు తొడుగు దించుకుంటే ఆ పని అదే చేస్తుంది.

హెల్మెట్ మీదే అసలు పేచీ. అది గాలికి ఊగుతుంది, హోరు పెడుతుంది, అందుకే పెట్టుకోబోమని కొందరంటారు. హోరు నిజమే. బ్రిటన్‌లో కొలిచినవాళ్ళకు గంటకు 60 కిలోమీటర్ల వేగానికే హెల్మెట్ లోపల ధ్వని 90 డెసిబెళ్ళ దరిదాపుల్లో కనిపించింది. ఎనిమిది గంటలు వింటే చెవికి చేటని చెప్పే హద్దు 85. బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ హోరుకు ముఖ్యమైన దారి గడ్డం కిందనుందని పట్టుకున్నారు. దానికి మందు హెల్మెట్ తీసేయడం కాదు, కింది సందు తగ్గించడం: మెడకు బిగుతుగా మెత్తటి గుడ్డ చుట్టుకుని కొసలు చొక్కాలో దోపుకోవడం. కొసలు వదిలేసిన కండువా, ఎగిరే చున్నీ తామే సుడులు పుట్టిస్తాయి, చక్రంలో పడితే ప్రాణం తీస్తాయి. వదులు హెల్మెట్ ఊగుతుంది, తలకు అతికినది ఊగదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకం చట్టవిరుద్ధం. కొనేటప్పుడు గుర్తుతోపాటు బిగుతు కూడా చూసుకోవాలి. వెనక చేపల ట్రేలు, పాల క్యాన్లు కట్టేవాళ్ళు వాటిని ఎత్తుగా పేర్చకుండా కిందికి కట్టుకోవాలి. ఎత్తు పెరిగిన కొద్దీ పక్కగాలికి బండిని పడదోసే పట్టు పెరుగుతుంది.

తాగి నడపడం, గోతులు, హెల్మెట్ లేకపోవడం చంపుతుంటే సుడుల గురించి ఒక అధ్యాయమా అన్న ప్రశ్న మిగిలింది. ఆ మూడూ ప్రాణాలు తీస్తున్నాయి, కాదనడానికి లేదు. కానీ ఇక్కడ చెప్పిన మందుల్లో చాలావాటికి ఖర్చు లేదు, అద్దం కొనకుండా ఉంటే డబ్బే మిగులుతుంది. లేనిదల్లా మన బండ్ల మీద, మన రోడ్ల మీద కొలిచిన అంకెలు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, మెకానికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. అద్దానికీ హెల్మెట్‌కూ బెత్తెడు ఊలు దారాలు అంటించి, పక్కన నడిచే బండి నుంచి వీడియో తీస్తే దారం నిలకడగా ఉన్నచోటు, గిలగిల్లాడే చోటు తెలిసిపోతాయి. ఒక చిన్న గాలిమీటరుతో ఏలూరు–కైకలూరు కట్ట మీద నాలుగు రుతువుల్లో గాలి కొలవవచ్చు. ఆ పని ఎవరైనా చేపట్టాలి, వచ్చిన ఫలితాలను చేపల లోడు మోసే కుర్రాడు చదవగలిగే తెలుగులో అచ్చు వేయాలి.